దాత గడప ముందు: టీకా తాత్పర్య సహితము

అవతారిక

ఈ పద్యం కట్టిన కవి తన పేరు దాచుకున్నాడు. కారణం చివరి పాదంలోనే ఉంది: వచ్చే యేడు మళ్లీ ఆ గడపే తొక్కాలి. పేరు దాచినా ఊరు దాగలేదు. కరువును కథ అన్నవాడు, ఆ కథను గళ్లలో కూర్చాలని తెలిసినవాడు కృష్ణా డెల్టావాడు కాడు. ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ, కోసిగి వైపో పెద్దకడుబూరు వైపో, ఒక చిన్న స్వచ్ఛంద సంఘానికి కార్యదర్శి అయి ఉంటాడు. సంఘానికి బోర్డుంది, రబ్బరు ముద్ర ఉంది, రసీదు పుస్తకం ఉంది. రసీదు పుస్తకంలో మొదటి ఆకు ఇంకా చిరగలేదు.

సంఘం తలపెట్టిన పని పెద్దదేం కాదు. అమ్మానాన్నలు సుగ్గికి పోతే అవ్వ దగ్గర మిగిలిపోయిన పిల్లలకు సాయంత్రం ఇంత అన్నం పెట్టి, బడి మానకుండా చూసుకోవడం. సుగ్గి అంటే ఈ ప్రాంతంలో కోతల కాలమనే కాదు. ఆ కోతల కోసం ఇంటికి తాళం వేసి, మూటాముల్లె సర్దుకుని పరాయి జిల్లాకు పోవడం కూడా. గుంటూరు మిరప చేలు, తెలంగాణ పత్తి చేలు, బెంగళూరు కట్టడాలు ఆ దారిలోని మజిలీలు.

కొలాచల మల్లినాథుడు వ్యాఖ్య మొదలుపెట్టే ముందే ఒక కట్టుబాటు పెట్టుకున్నాడు: మూలంలో లేనిది రాయనని, అక్కర్లేనిది చెప్పనని. సంఘం కార్యదర్శికి అంత భాగ్యం లేదు. అక్కర్లేనివి చెప్పకపోతే అతని దరఖాస్తు ముందుకు కదలదు. ఈ వ్యాఖ్యాత మధ్యేమార్గం పట్టాడు. ఇంకొక మాట. వ్యాఖ్యాతలకూ దాతలుండేవారు; బ్రౌన్ దొర జీతమిచ్చి కూర్చోబెడితేనే జూలూరి అప్పయ్య మనుచరిత్రకు వ్యాఖ్య రాశాడు. ప్రస్తుత వ్యాఖ్యకు ఎవరి నిధులూ లేవు. కాబట్టి వినియోగ ధ్రువపత్రం జతపరచడం లేదు.

మూలము

దాత గడప ముందు దరఖాస్తు చేపట్టి
కరువు కథను చిట్టి గళ్లఁ గూర్చి
లెక్క తప్పకుండ లేమిని వివరింప
ఫలము దక్కునంట వచ్చు నేఁట!

ఛందస్సు

ఇది ఆటవెలది. నాలుగు పాదాల్లోనూ యతి కుదిరింది: దా–ద, క–గ, లె–లే, ఫ–వ. కవికి ఇది కష్టమనిపించి ఉండదు; ఇంతకన్నా గట్టి యతులు ముందే కుదుర్చుకున్నవాడు. సంఘం రిజిస్టరు కావాలంటే 2001 నాటి ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద కనీసం ఏడుగురు ఉండాలి. ఆ ఏడుగురిలో ఒకరు రిటైరైన హెడ్మాస్టరు, ఒకరు కార్యదర్శి బావమరిది. హెడ్మాస్టరు లేని సంఘం రాయలసీమలో రిజిస్టరు కాదని ఒక ప్రతీతి. ఆ తరువాత ఆదాయపు పన్ను శాఖ వారి 12ఏబీ నమోదు. అది గడువు తీరినప్పుడల్లా తిరిగి చేయించుకోవాలి. దాతకు పన్ను మినహాయింపు దక్కడానికి 80జీ. నీతి ఆయోగ్ వారి దర్పణ్ పోర్టల్‌లో ఒక సంఖ్య. కంపెనీల సొమ్ము కావాలంటే 2021 ఏప్రిల్ 1 నుంచి సీఎస్‌ఆర్-1 అనే పత్రం. యతి తప్పిన పద్యాన్ని పండితుడు మొహం చిట్లిస్తూనైనా చివరిదాకా చదువుతాడు. యతి తప్పిన దరఖాస్తును మనిషి చదవనే చదవడు, కంప్యూటరే వెనక్కి పంపిస్తుంది.

ప్రతిపదార్థము

దాత = ఇచ్చువాఁడు; ఇచట, గడచిన మూడేండ్ల సగటు నికర లాభములో నూటికి రెండు పాళ్లు వెచ్చింపక తప్పనివాఁడు; గడప ముందు = వెబ్‌సైటు మొదటి పుటయందు, 'మేము పిలువనిదే ప్రతిపాదనలు పంపరాదు' అను నోటీసు క్రింద; దరఖాస్తు = విన్నపమును; చేపట్టి = చేతఁ బట్టుకొని, అనఁగా అప్‌లోడు చేసి, కరెంటు పోఁగా మరల అప్‌లోడు చేసి; కరువు కథను = వాన రామి, అప్పు, సుగ్గి, బడి మానుట అను నాలుగు అంకములు గల కథను; చిట్టి గళ్లన్ = ఒక్కొక్కటి రెండువందల మాటలకు మించి పట్టని పెట్టెలయందు; కూర్చి = కుక్కి; లెక్క తప్పకుండన్ = చార్టర్డ్ అకౌంటెంటు సంతకముతో; లేమిని = లేకపోవుటను; వివరింపన్ = ఏవేవి యెన్నెన్ని లేవో అంకెలలోఁ జెప్పఁగా; ఫలము = చెక్కు కాదు, చెక్కును గూర్చిన ఈమెయిలు; దక్కునంట = దక్కునని వినికిడి; వచ్చు నేఁటన్ = రాఁబోవు ఆర్థిక సంవత్సరమునందు.

తాత్పర్యము

ఇచ్చేవాని వాకిట నిలిచి, తన కరువును చిన్న చిన్న గళ్లలో సర్ది, తనకు ఏమేమి లేదో లెక్క తప్పకుండా చెప్పగలిగినవాడికి వచ్చే యేడాది ఏదో దక్కుతుందని చెప్పుకుంటారు. అలా చెప్పలేనివాడి ఊసు కవి ఎత్తలేదు. ఈ పల్లెల్లో చెప్పలేనివారే ఎక్కువ. పద్యం ఎవరి గురించో వారు పద్యంలో లేరన్నది ఈ వ్యాఖ్యాత అభిప్రాయం.

విశేషములు

'ధాత గడప ముందు' అని పాఠాంతరం. వత్తు ఎక్కువైందని లేఖకుణ్ని తిట్టి వదిలేయవచ్చు. కానీ ఈ ప్రాంతం వాడి చేతిలో ఆ వత్తు ఊరికే పడదు. ధాత 1876–77 నాటి తెలుగు సంవత్సరం. ఆ యేటి కరువు పేరు ధాత కరువు. మద్రాసు రాజధానిలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో బళ్లారి ఒకటి, కర్నూలు ఒకటి. ఆదోని అప్పుడు బళ్లారి జిల్లాలోని తాలూకా. కర్నూలు జిల్లాలో కలిసింది 1953 అక్టోబరు 1న, ఆంధ్ర రాష్ట్రం పుట్టిన రోజున. అంటే ఆ కరువు రెండు జిల్లాల వైపు నుంచీ ఈ పల్లెలనే చుట్టుముట్టింది.

అప్పుడూ ఒక దరఖాస్తు వెళ్లింది. 1877 ఆగస్టులో మద్రాసులో గవర్నరు బకింగ్‌హామ్ డ్యూక్ పెద్దమనుషులతో సభ పెట్టించాడు. సభ తరఫున లండన్ లార్డ్ మేయరుకు తంతి పోయింది. తంతికి మాటకింత చొప్పున కట్టాలి కాబట్టి మాటలకు అప్పుడూ పరిమితి ఉండేది. అయితే ఆ పరిమితి దాత పెట్టింది కాదు, తంతి రేటు పెట్టింది. ఊరూరా లెక్కలు వేసి, పట్టికలు జతచేసి పంపలేదు. జనం చచ్చిపోతున్నారు, డబ్బు పంపండి అన్నదే విషయం. వైస్రాయి లిట్టన్‌కు ఈ అడుక్కోవడం నచ్చలేదు. లండన్ జనం మాత్రం మాన్షన్ హౌస్ ఫండ్ పేరుతో కొద్ది నెలల్లో లక్షల పౌన్లు పోగుచేశారు. ఆ సొమ్ము జిల్లాల్లోని కమిటీల చేతికొచ్చి, ఎద్దులు పోయిన రైతుకు ఎద్దులకు, విత్తనాలు తినేసిన రైతుకు విత్తనాలకు, కప్పు పీకి అమ్ముకున్నవాడికి కప్పుకు పోయింది.

నిధి కమిటీకి కార్యదర్శి విలియం డిగ్బీ అనే పత్రికా సంపాదకుడు. 1878లో ఆయన ఆ కరువు మీద రెండు సంపుటాల పుస్తకం వేశాడు. ముగింపు నివేదికలు పొడుగవడం ఈనాటి జబ్బు కాదని దీన్నిబట్టి తేలుతుంది. ఒక్కటి మాత్రం ఆ దాతలు అడిగినట్టు కనబడదు: ఎద్దు కొనుక్కున్న రైతు, మా సాయం ఆగిపోయాక, సొంత కాళ్ల మీద ఎలా నిలబడతాడో రెండువందల మాటల్లో వివరించుము అని. ఎద్దు ఎలా నిలబడుతుందో రైతుకు తెలుసు గదా అని వదిలేసి ఉంటారు.

ఇక 'దాత' అన్నదే సరైన పాఠమనుకుందాం. దాతలు మూడు విధాలు. మొదటివాడు మనసుపడి ఇచ్చేవాడు: 1919 నాటి సర్ రతన్ టాటా ట్రస్టు, 1932 నాటి సర్ దొరాబ్జీ టాటా ట్రస్టు, మన కాలంలో 2000లో వచ్చిన అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్ ఈ కోవలోవి. రెండోవాడు చట్టం చెబితే ఇచ్చేవాడు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. నికర విలువ 500 కోట్లో, టర్నోవరు 1000 కోట్లో, నికర లాభం 5 కోట్లో దాటిన కంపెనీ తన లాభంలో రెండు శాతం సమాజానికి ఖర్చుపెట్టాలి. మూడోవాడు సముద్రానికి అవతల ఉన్నవాడు. వాడి సంగతి 'లెక్క' దగ్గర వస్తుంది.

రెండోవాడి చట్టంలో ఒక చిన్న వాక్యం ఉంది, మన కవి దాన్ని చదివే ఉంటాడు. కంపెనీ తాను పనిచేసే చోటికీ, దాని చుట్టుపక్కల ప్రాంతానికీ ప్రాధాన్యం ఇవ్వాలి. న్యాయమైన మాటే. పొగ పీల్చేవాడికే ముందు మందు. కానీ ఈ న్యాయం పడమటి కర్నూలుకు వచ్చేసరికి తలకిందులవుతుంది. ఆదోనిలో జిన్నింగ్ మిల్లులున్నాయి, నూనె మిల్లులున్నాయి. సీజనులో పత్తి యార్డు తెల్లగా నిండిపోతుంది. ఒకప్పుడు రెండో బొంబాయి అని చెప్పుకున్న ఊరు. అయినా ఇక్కడి పత్తి మీద పెద్ద లాభం తేలేది ఇక్కడ కాదు. దారం అయి, గుడ్డ అయి, చొక్కా అయ్యాక ఎక్కడో తేలుతుంది. ఆ తేలిన చోటే 'చుట్టుపక్కల ప్రాంతం'. పెద్ద ఫ్యాక్టరీ లేకపోవడం వల్లనే ఊరు వలస పోతుంది. ఫ్యాక్టరీ లేకపోవడం వల్లనే వలసకు విరుగుడు సొమ్మూ రాదు. లేనివాడి లేమే వాడి అనర్హత అయిన ఇలాంటి సందర్భానికి అలంకారశాస్త్రంలో పేరుంటుంది గాని, కంపెనీల చట్టంలో లేదు.

గడప గురించి ఎక్కువ చెప్పేదేం లేదు. గడప అవతల ఎవరో ఒక తెలిసినవాడుంటే తలుపు తీస్తారు. లేకపోతే గడపకు పసుపు రాసి రావచ్చు.

దరఖాస్తు అన్నది పారశీకం నుంచి వచ్చిన మాట. ఆదోని కోట ఆదిల్‌షాహీల చేతిలో ఉన్నప్పుడూ, నిజాం సోదరుడు బసాలత్ జంగ్ జాగీరుగా ఉన్నప్పుడూ ఈ మాట ఇక్కడి బజార్లలో నలుగుతూనే ఉంది. 1800లో ఈ సీమ కుంఫిణీ వారి చేతికి పోయింది, ఏలినవారి భాష మారింది. మాట నిలిచింది, దరఖాస్తు రాసేవాడి భాష మాత్రం మారుతూ వచ్చింది. ఇప్పుడు రాయాల్సింది ఇంగ్లీషులో. ఇంట్లో తెలుగు, సంతలో కన్నడం, బజార్లో ఉర్దూ మాట్లాడగల కార్యదర్శి, ఈ మూడూ పనికిరాని చోట పట్నంలో చదివే మేనల్లుడికి ఫోను చేస్తాడు. మేనల్లుడు కంప్యూటరు చేత రాయిస్తాడు. అందుకే కోసిగి కరువూ కెన్యా కరువూ ఈ మధ్య ఒకే శైలిలో ఉంటున్నాయి.

చిట్టి గళ్లు. పద్యానికి ఇదే గుండెకాయ, కాబట్టి ఇక్కడ కాస్త ఆగాలి. దరఖాస్తులో మొదటి గడి సంస్థ పేరు. రెండో గడి సమస్య. మూడోది లబ్ధిదారుల సంఖ్య, ప్రత్యక్షంగా ఎందరు, పరోక్షంగా ఎందరు. ప్రత్యక్షం అంటే అన్నం తిన్న పిల్ల. పరోక్షం అంటే ఆ పిల్ల అవ్వ, తల్లి, తండ్రి, తమ్ముడు, మేనమామ, దాత ఎంత పెద్ద సంఖ్య కోరితే అంత దూరపు చుట్టం. ఈ గడి నిండుతున్నప్పుడే బంధుత్వాలు బలపడతాయి.

అసలు చిక్కు తరువాతి పట్టికలో ఉంది. దాన్ని లాగ్‌ఫ్రేమ్ అంటారు. 1969 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ సాయం సంస్థ కోసం తయారైన ఈ పట్టిక ప్రపంచమంతా తిరిగి పెద్దకడుబూరు దాకా వచ్చింది. అడ్డంగా నాలుగు వరసలు: పెద్ద లక్ష్యం, తక్షణ ఉద్దేశం, తయారయ్యేవి, పెట్టేవి. నిలువుగా నాలుగు: ఏం చేస్తారు, దాన్ని దేంతో కొలుస్తారు, కొలిచినట్టు రుజువేమిటి, ఏమేమి జరుగుతాయని ఊహిస్తున్నారు. ఈ చివరి నిలువు గడిని ఊహల గడి అందాం. పట్టిక చేసినవారి ఉద్దేశంలో అది చిన్న గడి. సంస్థ చేతిలో లేని చిల్లర విషయాలు అందులో రాస్తారు.

పడమటి కర్నూలులో పట్టిక అంతా ఊహల గడిలోకే జారిపోతుంది. వాన సకాలంలో పడుతుంది: ఊహ. తుంగభద్ర దిగువ కాలువ నీరు ఆయకట్టు చివరి పొలం దాకా వస్తుంది: ఊహ. పత్తికి ధర ఉంటుంది, ఉల్లికి ధర ఉంటుంది: ఊహ, ఊహ. అప్పులవాడు ఈ యేడు ఆగుతాడు: దురూహ. ఇవన్నీ జరిగితే తల్లిదండ్రులు సుగ్గికి పోనే పోరు, అప్పుడు కార్యక్రమమే అక్కర్లేదు. ఇవి జరగకపోతే పట్టిక ప్రకారం కార్యక్రమం విఫలం. మన కార్యదర్శి చాలాసేపు ఆలోచించి ఆ గడిలో 'సాధారణ వర్షపాతం' అని రాశాడు. ఆలూరు, ఆస్పరి వైపు సాధారణం అనే మాటకు అర్థం చెప్పాలంటే ఇంకొక వ్యాఖ్య రాయాలి.

లెక్క అనే మాట దగ్గర మళ్లీ ధాత కరువుకే పోవాలి. ఆ రోజుల్లో కరువు పనులకు వచ్చినవాడికి ఎంత కూలి ఇస్తే చావడో తేల్చమని సర్ రిచర్డ్ టెంపుల్‌ను పంపారు. రోజుకు ఒక పౌను ధాన్యం, పైన ఇంత డబ్బు చాలునని ఆయన తేల్చాడు. మద్రాసు ప్రభుత్వపు వైద్యాధికారి కార్నిష్, అంత తిండితో రాళ్లు కొట్టే మనిషి బతకడని వాదించాడు. వాదన నెలల తరబడి నడిచింది, చివరికి కూలి పెంచారు. ఇచ్చేవాడి లెక్కకూ తినేవాడి కడుపుకూ మధ్య కాగితాల మీద సాగిన పెద్ద తగాదా అది. ఇప్పటి లెక్కలు అంత క్రూరమైనవి కావు. వాటి వంకర వేరు రకం.

సముద్రం అవతలి దాత సంగతి చూడండి. విదేశీ విరాళాల చట్టం కింద రిజిస్టరు కావాలంటే సంఘానికి కనీసం మూడేళ్ల వయసుండాలి, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద 15 లక్షలు ఖర్చుపెట్టి ఉండాలి. ఈత వచ్చినవాడే నీళ్లలో దిగాలన్నట్టు. సరే, రిజిస్ట్రేషన్ వచ్చింది, సొమ్మూ వచ్చిందనుకుందాం. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ముందు ఢిల్లీ సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు మెట్లెక్కి, అక్కడి నుంచి కోసిగి దిగాలి. అంతకుముందు పెద్ద సంస్థ ఒకటి విదేశీ నిధి తెచ్చి, ఊళ్లలోని చిన్న సంఘాలకు పంచే వీలుండేది. అదే సవరణ దాన్ని మూసేసింది. ఏళ్ల తరబడి పాతుకున్న పెద్ద సంస్థ లాంటి చెట్టు సొంత వేళ్లతో నీరు తాగగలదు. దాని నీడన మొలిచే మొక్కకు ఆ దారి లేదు.

అదే సవరణ పరిపాలన ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి దించింది. వినడానికి ఇంపుగా ఉంటుంది. ఆఫీసు కుర్చీలకు కాకుండా పిల్లల కంచాలకే సొమ్ము పోవాలి కదా. కానీ పరిపాలన అంటే ఏమిటో నిబంధన చెబుతుంది: ఆఫీసు సిబ్బంది జీతాలు, అద్దె, బండి ఖర్చులు, లెక్కలు రాసే ఖర్చు, నివేదికలు రాసి పంపే ఖర్చు. అంటే ఊరూరా తిరిగి ఏ ఇంటి పిల్ల అవ్వ దగ్గర మిగిలిందో కనిపెట్టే బండికి పోసే పెట్రోలు పరిపాలన. ఆ పెట్రోలు ఎంత తగ్గిందో రాసే నివేదిక కూడా పరిపాలనే. నివేదికలు కావాలి, నివేదిక రాసే మనిషి మాత్రం తక్కువలో తక్కువ కనబడాలి. ఇలాంటి మనిషిని న్యాయశాస్త్రంలో ఏమంటారో గాని, సంఘాల్లో వాలంటీరు అంటారు. దేశీయ దాతలకు ఈ పరిమితి చట్టరీత్యా వర్తించదు. అయినా చాలామంది తమ పట్టికల్లో దీన్నో, ఇంతకన్నా చిన్నదాన్నో ముచ్చటపడి పెట్టుకుంటారు.

ఇక్కడ ఎమ్మిగనూరు పెద్దమనిషి ఒకరు లేచి పూర్వపక్షం చేస్తాడు. 'ఎందుకయ్యా ఈ గడపలు తొక్కడం? మా ఊళ్లో 1938లో మాచాని సోమప్ప నేతగాళ్లను కూడగట్టి సహకార సంఘం పెట్టలేదా? ఏ దాత వాకిట నిలబడ్డాడు? సంఘమే నూలు తెచ్చి ఇచ్చింది, నేసిన బట్ట సంఘమే అమ్మిపెట్టింది. 1954లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఎమ్మిగనూరు చేనేత అని దేశం చెప్పుకుంది. దరఖాస్తు పెట్టి ఎవడన్నా పద్మశ్రీ తెచ్చుకున్నాడా?'

బలమైన పూర్వపక్షం. ఈ వ్యాఖ్యాతకు సోమప్ప మీద గౌరవం మెండు. ఈ ప్రాంతంలో అంతటి సంఘం మళ్లీ లేవలేదు. కానీ సిద్ధాంతం వేరు. నేతగాడి చేతిలో బట్ట ఉంది. సంఘానికి కావలసింది ఆ బట్టను మంచి ధరకు అమ్మగల తెలివి, నూలు కొనేంత మూలధనం. గుంట మగ్గం ఇంట్లో నేలలో దిగి ఉంటుంది, కాబట్టి నేతగాడు ఊళ్లోనే ఉంటాడు. సభ పిలిస్తే వస్తాడు, వాటా కడతాడు, తగాదా వస్తే అరుస్తాడు. సుగ్గి పోయే కుటుంబం అమ్మేది తన రెక్కలను, అదీ మూడు వందల కిలోమీటర్ల అవతల. అవ్వ దగ్గర మిగిలిన పిల్ల దగ్గర అమ్మడానికేమీ లేదు, ఆ పిల్లతో సహకార సంఘం పెట్టలేం. సంతకు తేవడానికి సరుకు లేనివాడి కోసమే లోకంలో దాత అనే పదార్థం పుట్టింది. సోమప్ప దారి మేలైనదని ఒప్పుకుంటూనే, అందరి కాళ్లకూ అది దారి కాదని చెప్పక తప్పదు. సర్కారు వారు వలస పల్లెల్లో సీజనల్ హాస్టళ్లు తెరుస్తారు గదా అని ఇంకొకరు అనవచ్చు. తెరుస్తారు. తెరిచే తేదీ, కుటుంబాలు బయలుదేరే తేదీ ఒకటైతే అంతకన్నా కావలసిందేముంది?

ఫలము మూడు రకాలని దాతల పరిభాష. తయారైనది, తేలినది, మిగిలినది. వంద కంచాల అన్నం వండితే తయారైనది. పిల్ల బడి మానకపోతే తేలినది. ఆ పిల్ల పెద్దదై సుగ్గికి పోకుండా బతికితే మిగిలినది. మూడోదాన్ని చూడాలంటే పదిహేనేళ్లు పడుతుంది, గ్రాంటు పన్నెండు నెలలకు. అయినా గడి ఉంది కాబట్టి నింపాలి. ఈ ఒక్క చోట మన కవి కాక మరెవరైనా కవే అవుతాడు.

వచ్చు నేఁట. పద్యంలో అందరూ దాటేసే మాట ఇది, ఈ వ్యాఖ్యాతకు మాత్రం ఇక్కడే మనసు ఆగింది. దాతకు యేడు ఏప్రిల్ 1న మొదలై మార్చి 31న ముగుస్తుంది. పల్లెకు యేడు మృగశిరతో మొదలవుతుంది. దీపావళి దాటాక, వేరుశనగ పీకి పత్తి ఏరడం అయ్యాక, వాన ఎగ్గొట్టిన యేడైతే దసరాకే, లారీలూ ఆటోలూ ఊరి బయట ఆగుతాయి. గుంటూరులో మిరప పండు ఎర్రబారింది. ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుడి తేరు జనవరిలో లాగే వేళకే చాలా ఇళ్లకు తాళాలు. తిరిగి రావడం ఉగాదికి కొందరు, తొలకరికి కొందరు. అంటే అవ్వ దగ్గర పిల్లకు అన్నం కావలసింది నవంబరు నుంచి ఏప్రిల్ దాకా.

దాత బోర్డు కూర్చునేది, పరిశీలకులు వచ్చేది, ఒప్పందం మీద సంతకాలయ్యేది, మొదటి వాయిదా పడేది వేరే క్రమంలో జరుగుతాయి. సొమ్ము జనవరిలో వచ్చిందనుకోండి, మార్చి 31లోగా ఖర్చు చూపాలి. మూడు నెలల్లో ఆరు నెలల అన్నం వండాలి. ఏప్రిల్ దాటాక వచ్చిందనుకోండి, చాలామంది పిల్లల తల్లిదండ్రులు ఊళ్లోనే ఉంటారు, బడికి సెలవులు, వంటమనిషి మాత్రం జీతానికి సిద్ధం. 'కార్యక్రమాన్ని నవంబరుకు మార్చుకుంటాం' అని కార్యదర్శి రాశాడు. 'మార్పులకు ముందస్తు అనుమతి అవసరం. దయచేసి తరువాతి విడతలో దరఖాస్తు చేసుకోండి' అని జవాబు వచ్చింది. దాతలు చెడ్డవారు కారు. వారి పంచాంగంలో సుగ్గి అనే మాసం లేదు, అంతే.

కవి ఈ పాదంలో 'దక్కునంట' అన్నాడు, 'దక్కును' అనలేదని గమనించాలి. ఆ 'అంట' వెనక ఒక సందర్భం ఉంది. పరిశీలనకు పట్నం నుంచి ఒక ప్రోగ్రామ్ ఆఫీసర్ ఫిబ్రవరిలో వచ్చింది. చదువుకున్న పిల్ల, మంచి పిల్ల, దారిలో నీళ్ల సీసా తప్ప ఏమీ ముట్టలేదు. ఊళ్లో వీధి చివరిదాకా నడిచి, తాళాలు చూసుకుంటూ వెనక్కి వచ్చింది.

'ఎవరూ కనబడరేంటండీ? లబ్ధిదారుల కుటుంబాలతో మాట్లాడాలి.'

'సుగ్గికి పోయిండారు మేడమ్. గుంటూరు సీమలో ఉండారు.'

'మరి దరఖాస్తులో ఈ ఊళ్లోనే ఉంటారని రాశారు కదా?'

'వాళ్లు ఊళ్లో లేకుండా పోతాండారనే కదా మేడమ్ మా సమస్య. రెండో గడిలో అదే రాసిండాం.'

అలంకారం విరోధాభాసం. ఆమె రెండో గడిని మళ్లీ చదివి, పెన్ను తీసి, నోట్‌బుక్‌లో 'కుటుంబాలు అందుబాటులో లేవు' అని రాసుకుంది.